మేనమామ తెచ్చిన పచ్చకొమ్మ

విరుదునగర్ పెళ్ళిమండపం పెరట్లో పచ్చగుడిసెకు కర్రలు పాతారు, అడ్డకర్రలు కట్టారు, పసుపు పూశారు. పైన మాత్రం ఒక్క ఆకు లేదు. నా కూతురు అభినయ పట్టుచీర కట్టుకుని, పూలజడ వేసుకుని పక్కగదిలో పెళ్ళికూతురిగా కూర్చుంది. మా అన్న నల్లసామి ఇంకా రాలేదు. వస్తాడో రాడో కూడా ఎవరికీ తెలియదు.

మావాళ్ళ పద్ధతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. మేము ఈ నల్లరేగడి నేలల్లో ఏనాడో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలోకి దిగితే తమిళం. మండపాలు వచ్చాయి, వీడియోలు వచ్చాయి, బఫే కూడా వచ్చింది. తాళి మాత్రం పచ్చకొమ్మలు కప్పిన గుడిసెలోనే కట్టాలి. ఆ గుడిసె మీద మొదటి కొమ్మ వేయాల్సింది పెళ్ళికూతురి మేనమామ. తన చేత్తో కోసిన కొమ్మ కావాలి. పెళ్ళికూతురి ఇంటి గడప ముందు నిలబడి, అక్కడి నుంచే దాన్ని భుజాన వేసుకుని బయలుదేరాలి. గుడిసె ఎక్కేదాకా అది వాడకూడదు. వాడిన కొమ్మ వేస్తే పిల్లకు పుట్టింటి నీడ ఉండదంటారు. మేనమామ వేశాకే మిగతావాళ్ళు వేస్తారు, అప్పుడే పిల్ల లోపల అడుగు పెడుతుంది.

మా అన్నకు ఒక్కడే కొడుకు, ఉదయకుమార్. అభినయ పుట్టిన రోజునే మా అన్న ఈ పిల్ల నా కోడలు అన్నాడు. అందరం నవ్వుతూ ఒప్పుకున్నాం. పెరిగి పెద్దదయ్యాక అభినయ, ఉదయ్‌ను చిన్నప్పటి నుంచి అన్నలా చూశాను, మొగుడిగా చూడలేను అంది. మా అన్న అప్పుడు మా ఇంట్లోనే, వంటింటి గుమ్మం దగ్గర కాఫీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. తర్వాత అభినయ తనతో పనిచేసే సెందిల్‌కుమార్‌ను చేసుకుంటానంది. వాళ్ళదీ మన తెలుగు ఇల్లే, విరుదునగర్‌లో ఉంటారు. శుభలేఖ, తాంబూలం పళ్ళెంలో పెట్టుకుని నాగలాపురం వెళ్ళి మా అన్న ముందు నిలబడ్డాను. పళ్ళెం అందుకుని మంచం మీద పెట్టాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. వదిన మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

మా అన్నను అందరూ పంతం మనిషి అంటారు. నాకు తెలిసినంతవరకు ఆయన సిగ్గు మనిషి. ఎక్కడ తల దించుకోవాల్సి వచ్చిందో ఆ గడప మళ్ళీ తొక్కడు. కుర్రతనంలో మా పిన్ని ఇంటి నుంచి ఎద్దును అరువు తెచ్చి దున్నుతుంటే దాని కాలు విరిగింది. పిన్ని పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆయన ఆ వీధి వెంట నడవడమే మానేశాడు. పిన్ని పోయిన రోజు కూడా చుట్టుదారిన వల్లకాటికి వెళ్ళి దూరంగా నిలబడ్డాడు తప్ప ఆ ఇంటికి రాలేదు. కూతురిని ఇవ్వనన్న చెల్లెలి ఇంటికి అలాంటివాడు వస్తాడని ఆశపడటం నా పిచ్చే. కానీ నాకున్నది ఒక్క అన్న.

ఇంత ఆదుర్దాలోనూ నా మనసు ఒక పక్క కోవిల్‌పట్టిలోని మా పెరటి వైపు లాగుతూనే ఉంది. అక్కడ నా జూనిపర్ ఉంది. తాళం చెవులు పక్కింటి చిన్నత్తాయికి ఇచ్చి, ఆ చెట్టుకు నీళ్ళు మాత్రం పోయకు తల్లీ అని బతిమాలి వచ్చాను. ఆవిడ మంచి మనిషే. కాకపోతే ఈ ఎండిన నేలల్లో పుట్టినవాళ్ళకు మొక్క కనబడితే చెంబు అదంతట అదే చేతిలోకి వచ్చేస్తుంది.

కొడైకానల్ వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో కొన్నాను దాన్ని. పొట్టి రకం, పైకి ఎదగదు, నేల మీద చాపలా పరుచుకుంటుంది. పువ్వు లేదు, కాయ లేదు, కూరకు రాదు, పూజకు రాదు. మా ఆయన దామోదరసామి మిరపకాయల వ్యాపారి, దేన్నయినా ఘాటు చూసి గానీ మెచ్చడు. దీన్నేం చేసుకుంటావని అడిగాడు. చూసుకుంటాను అన్నాను. మీ ఊరి ఎండకు ఇది బతకదమ్మా అని ఆ నర్సరీ అతను నోరు జారాడు. ఆ మాట అనకపోయి ఉంటే కొనేదాన్ని కాదేమో. బతకదంటే బతికించి చూపించాలన్న మొండితనం నాది.

మా నల్లమట్టి నీళ్ళు పట్టిందంటే వదలదు. ఈ చెట్టుకేమో వేళ్ళ దగ్గర తడి నిలిచిందంటే చావే. అందుకని పెరట్లో ఒక మూల నల్లమట్టి తవ్వించి తీయించేసి, ఎర్రమట్టి, ఇసుక, ఇటుకముక్కలు కలిపి దిబ్బ పోయించి దాని మీద నాటాను. మట్టిలోకి వేలు దింపి, పొడిగా తగిలితేనే నీళ్ళు. దానికి పొద్దంతా ఎండ కావాలి, కానీ మండువేసవిలో పడమటి వైపు పాత పంచె ఒకటి అడ్డం కట్టాలి. ఎర్రనల్లి పురుగు పడితే ఆకుల అడుగున నీళ్ళు చిమ్మాలి. కత్తెర వేయకూడదు, చివర్లు గోటితో గిల్లాలి. అదీ ఆకు ఉన్నంత మేరకే. ఆకు రాలిపోయి గోధుమరంగుకు తిరిగిన చెక్క దాకా కోశామంటే అక్కడి నుంచి మళ్ళీ చిగురు రాదు. మల్లె అలా కాదు, మునగ అలా కాదు, కరివేపాకు అలా కాదు. మొదలంటా నరికినా అవి రోషం వచ్చినట్టు ఇంకా గుబురుగా లేస్తాయి. జూనిపర్‌కు ఆ గుణం లేదు, పోయిందంటే పోయినట్టే.

అభినయ కాలేజీలో చేరిన ఏడు నాటాను. దాని పెళ్ళినాటికి నులకమంచం అంత మేర పరుచుకుంది. ఎత్తు మోకాలికి రాదు. పొద్దున్నే దాని పక్కన పీట వేసుకుని కూర్చుని చివర్లు గిల్లుతుంటే నా కోపాలన్నీ దిగిపోయేవి. మా ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక పని ఉంది, నాతో సహా. ఆ చెట్టుకు మాత్రం ఏ పనీ లేదు. అందుకే నాకు అదంటే ప్రాణం.

గుడిసె దగ్గర పెళ్ళికొడుకు పెదనాన్న ముత్తురామన్ నాలుగోసారో ఐదోసారో గడియారం చూసుకున్నాడు. మేళం వాళ్ళు కాసేపు వాయించి ఆపారు. వంటవాళ్ళు వచ్చి ఆకులు వేయమంటారా అని అడిగి వెళ్ళారు. చివరికి ఆయనే నా దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో అన్నాడు.

"ఏమ్మా, ముహూర్తం దాటిపోతా ఉండాది. వరసకు మామ అయ్యేవాళ్ళు ఇంగెవురన్నా ఉంటే వాళ్ళతో వేయించేస్తాము."

ఆయన అన్నది తప్పేమీ కాదు. అయినా నా నోట్లో ఒక ఘాటైన జవాబు తయారైంది. నాకు కోపం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. ఈ సంగతి మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు, అడగకపోయినా చెబుతారు. కూతురి పెళ్ళి అని గుర్తు చేసుకుని ఆ జవాబు మింగాను. మా చిన్నాన్న చిన్నకొడుకు ఒకడు బజారులో కొన్న మామిడికొమ్మ పట్టుకుని అప్పటికే గుడిసె పక్కన నిలబడి ఉన్నాడు. చేత్తో కోసింది కాదు, మా గడప నుంచి బయలుదేరిందీ కాదు. మా ఆయన నా వైపు చూసి, ఇంక కానివ్వమన్నట్టు తల ఊపాడు. గదిలోంచి అభినయ కూడా నన్నే చూస్తోంది. తన మూలంగానే మామ రాలేదని ఆ పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

సరే, వేయమనండి అన్నాను.

ఆ అబ్బాయి నిచ్చెన ఎక్కాడు. అంతలో మండపం గేటు ముందు ఆటో ఆగింది. ముందు ఒక పెద్ద పచ్చటి మోపు దిగింది, దాని వెనకాల చెమటతో తడిసిన చొక్కాలో మా అన్న దిగాడు.

వచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి, కాళ్ళు వాటంతట అవే ఆయన వైపు నడిచాయి. సగం దూరంలో ఆగిపోయాను. ఆయన భుజం మీద ఉన్నది మామూలుగా వేసే పుంగ కొమ్మ, అదే కానుగ కొమ్మ కాదు, పాల కొమ్మా కాదు. ఆకు కాస్త నీలం కలిసిన పచ్చ, సన్నగా సూదుల్లా ఉంది. కోవిల్‌పట్టిలో గానీ, విరుదునగర్‌లో గానీ, మధ్యలో సాత్తూరులో గానీ నా పెరట్లో తప్ప అలాంటి పచ్చ నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎంత కోశాడు? నా తలలో ఇదొక్కటే తిరుగుతోంది. చివర్లు తెంపాడా, సగం కోశాడా? చివర్లయితే పర్వాలేదు. సగమైనా పర్వాలేదు, బతికించుకుంటాను. మోపు చూస్తే చివర్లలా లేదు. ఒక్కో కొమ్మా బొటనవేలి లావు మొదలుతో సహా ఉంది.

మా అన్న దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతుల మీద మోచేతుల దాకా ఎర్రటి గీతలు, ఆ సూదులు గీరుకున్నవే. నా ముఖం వైపు సూటిగా చూడలేదు, మోపు సర్దుకుంటూ చెప్పాడు.

"పొద్దు పోయినాది, కమలం. ఊర్లోనే పుంగ కొమ్మ కోసి తెస్తిని. బస్సులో ఎండకు వాడిపోయినాది. వాడింది నా మేనగోడలికి వేస్తానా? మీ గడపకాడ నిలబడి ఏం చేయాలని చూస్తే పెరట్లో ఈ పచ్చ. నీవు కోయక ఎన్నాళ్ళాయెనో, ఊరికే ముదిరిపోయి ఉండాది. మల్లెకు చేసినట్లే మొదలంటా కోసేసినాను. ఆవణి నెల లోపల ఎట్లా చిగురేస్తాదో చూడు."

మొదలంటా. ఆ ఒక్క మాటే నా చెవుల్లో మిగిలింది.

నన్ను ఎరిగినవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. మా ఆయన కూడా ఆ కొమ్మలను గుర్తుపట్టాడు, ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా నోరు తెరుచుకుంది. ఎనిమిదేళ్ళు, ఒక్కో చిగురూ గోటితో గిల్లి పెంచినది. అడగకుండా నా పెరట్లో కత్తి పెట్టావు, ఇంత వయసొచ్చి మల్లెకూ దీనికీ తేడా తెలియదా, అని అనడానికి మాటలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్క మాట బయటపడితే చాలు, అన్నకు సంగతి అర్థమైపోతుంది. కొమ్మ కింద పెడతాడు, తువ్వాలు దులుపుకుంటాడు, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోతాడు. పిన్ని వీధి ఎలా మూసుకుపోయిందో నా వీధి కూడా అలాగే మూసుకుపోతుంది, ఈసారి ఎప్పటికీ.

ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు. భుజం బరువుకు ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆయన గడ్డం అంతా తెల్లబడిపోయిందని అప్పుడే గమనించాను.

"లోపలికి రా అన్నా. పిల్ల నీ కోసమే కాచుకొని ఉండాది," అన్నాను.

మాట మామూలుగానే వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. నిచ్చెన మీది అబ్బాయి మామిడికొమ్మతో దిగిపోయాడు. మా అన్న చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, అన్నిటికంటే పెద్ద కొమ్మ తీసి గుడిసె నెత్తిన వేశాడు. ఆడవాళ్ళు శుభమని నాలుకలు ఆడిస్తూ కులవ పెట్టారు, మేళం అందుకుంది. ఆ వెనక అందరూ తలా ఒక కొమ్మ వేశారు. అభినయ వచ్చి గుడిసె ముందు తల వంచి, కొమ్మలకేసి చూసి ఆగింది. నలిగిన ఆకు వాసన, కర్పూరం లాంటిది, మా పెరటి వాసన.

"అమ్మా, ఇది..." అంది.

"మీ మామ తెచ్చినాడు. దండం పెట్టి లోపలికి పో," అన్నాను.

ఆ పిల్ల నా ముఖం చూసింది, మామ చేతుల మీది గీతలు చూసింది. ఇంకేమీ అడగకుండా వంగి మామ కాళ్ళకు దండం పెట్టింది. మా అన్న దాని నెత్తిన చెయ్యి పెట్టాడు. తాళి కట్టేటప్పుడు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పెళ్ళికూతురి తల్లి కదా, ఎవరూ వింతగా చూడలేదు. మధ్యాహ్నానికి మామిడాకులు చుట్టుకుపోయాయి, జూనిపర్ మాత్రం కోసినప్పటిలాగే ఉంది. కోసిన తర్వాత కూడా అది చాలా రోజులు పచ్చగానే కనబడుతుంది, చచ్చిన సంగతి దాని ఆకులకు ఆలస్యంగా తెలుస్తుంది. ఇంత వాడని కొమ్మ ఏ మేనమామా తేలేదని ముత్తురామన్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. మా అన్న ఆ పూట కడుపునిండా తిన్నాడు.

కోవిల్‌పట్టి చేరగానే పట్టుచీర కూడా మార్చుకోకుండా పెరట్లోకి పోయాను. దిబ్బ మీద గోధుమరంగు మోడులు, వాటి మధ్య కొన్ని ఎండుటాకులు. ఒక్క పచ్చటి సూది కూడా మిగల్లేదు. ఇంత శుభ్రంగా కోసినవాడు పని తెలిసినవాడే, కోత ఎక్కడా చీలిపోలేదు. చిన్నత్తాయి గోడ అవతలి నుంచి, అన్నగారు కదా అని కత్తి నేనే ఇచ్చానక్కా, కోశాక చెట్టుకు రెండు బిందెలు నీళ్ళు కూడా పోశాను అంది. మా అన్న మీద అనలేని మాటలన్నీ ఆవిడ మీద అన్నాను. ఆ తర్వాత పీట మీద కూర్చుని, పెళ్ళిలో ఏడ్చిన దానికంటే ఎక్కువ ఏడ్చాను.

మా ఆయన వచ్చి, బావకు ఫోన్ చేసి చెప్పేస్తాను, చెట్టే కదా, ఏమీ అనుకోడులే అన్నాడు. చెబితే ఈ ఇంట్లో మీకు అన్నం పుట్టదు అన్నాను. అభినయకు చెప్పాను, చిన్నత్తాయికి చెప్పాను. మా అన్న ముందు ఎవరూ ఆ చెట్టు చచ్చిందన్న మాట ఎత్తకూడదని ఒట్టు వేయించుకున్నాను.

మరుసటి నెలలో మా అన్న వచ్చాడు. రెండేళ్ళ తర్వాత మా గడప లోపలికి రావడం అదే మొదలు. చేతిలో ఒక గోనెసంచి, దాన్నిండా మేకపెంట. లోపలికి వచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా తిన్నగా పెరట్లోకి నడిచాడు.

"చిగురేసిందా, కమలం?"

"ఇంగా లేదన్నా."

ఆయన దిబ్బ ముందు గొంతుకూర్చుని చాలాసేపు మోడులను తడిమాడు. నేను వంటింటి కిటికీలోంచి ఏం కనిపెడతాడోనని చూస్తూ నిలబడ్డాను. లేచి వచ్చి, మేకపెంట వేశాను, నీళ్ళు పోశాను, ఇంక వస్తాదిలే అన్నాడు. ఎనిమిదేళ్ళు ఆ దిబ్బ మీద ఒక్క చుక్క ఎక్కువ పడనివ్వని నేను, మంచి పని చేశావన్నా అన్నాను. భోంచేసి, అభినయ ఎలా ఉందని అడిగి, సాయంత్రం బస్సుకు వెళ్ళాడు.

ఆడి నెలలో వచ్చాడు. ఆవణిలో వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న, నా నుంచి అదే జవాబు. ఒకసారి వదినను తీసుకొచ్చాడు, ఒకసారి నాగలాపురం చేలో కాసిన దోసకాయలు తెచ్చాడు. ఆయన వస్తున్నాడని ఫోన్ రాగానే నాకు సంతోషం, ఆ వెంటనే భయం. ఇంత అనుభవం ఉన్న రైతును ఎన్నాళ్ళు మభ్యపెట్టగలను? మోడు తీసేసి కరివేపాకు పెడదామని మా ఆయన గడ్డపార తెప్పిస్తే, దాన్ని అటక మీద దాచేశాను. మోడు లేకపోతే ఆయన దేన్ని చూడటానికి వస్తాడు?

ఒక ఆదివారం అందరూ ఒకేసారి వచ్చారు, అభినయ, సెందిల్‌కుమార్, మా అన్న. భోజనాల దగ్గర మాటల్లో చెట్టు సంగతి వచ్చింది. మా అల్లుడు తెలివైన పిల్లవాడు. అందరి చేతా ఒట్టు వేయించి, అతని చేత మాత్రం వేయించడం మరిచిపోయాను. ఫోన్ తీసి ఏదో వెతికి, అత్తా, ఈ రకం గురించి చదివాను, పాత చెక్క దాకా కోస్తే ఇది మళ్ళీ... అన్నాడు.

నా చేతిలో రసం గిన్నె ఉంది. వదిలేశాను. రసం అల్లుడి కొత్త పంచె మీద, నేల మీద, నా కాళ్ళ మీద పడింది. అభినయ గుడ్డ కోసం లేచింది, అల్లుడు లేచి నిలబడ్డాడు, మా ఆయన చల్లనీళ్ళు చల్లనీళ్ళు అన్నాడు. ఇంత గందరగోళంలోనూ మా అన్న విస్తరి మీంచి తల ఎత్తలేదు. అన్నం కలుపుకుంటూనే అల్లుడితో నెమ్మదిగా అన్నాడు.

"ఫోన్లో ఏమేమో ఉంటాది మాప్పిళ్ళా. మన నేల సంగతి దానికేమి తెలుసు?"

గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. కాలు మీద బొబ్బ లేచింది, దానికి వారం రోజులు వెన్న రాసుకున్నాను.

ఐప్పసి నెల వానలు మొదలయ్యాయి. దిబ్బ చుట్టూ తుంగ మొలిచింది. మా అన్న వస్తానన్న రోజు పొద్దున, ఆయన వచ్చేలోపు కాస్త శుభ్రం చేద్దామని పీట వేసుకుని కూర్చున్నాను. ఆ కోత పడినప్పటి నుంచి ఆ మోడులను నేను సరిగ్గా చూడలేదు, చూడబుద్ధి కాలేదు. తుంగ పీకుతూ ఒక మోడును పక్కకు వంచాను. దాని అడుగువైపు, పైకి కనబడని చోట, బెరడు మీద గోటి గీత ఉంది. బెరడు లేచి లోపలి చెక్క కనబడుతోంది. గోధుమరంగు, పచ్చ లేదు.

రైతు బిడ్డను, అదేమిటో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పత్తికట్టె బతికుందో లేదో చూడాలంటే గోటితో గీరతారు. లోపల పచ్చ కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగు అయితే పీకి పారేస్తారు. ఆ మోడును ఇంకాస్త వంచాను. ఆ గీత పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. కొత్తవి లేత గోధుమరంగులో ఉన్నాయి, పాతవి నల్లబడిపోయాయి. అన్నిటికంటే పాతదాని గాడిలో మేకపెంట ఎండి అంటుకుపోయి ఉంది.

మేకపెంట ఆయన తెచ్చింది ఒక్కసారే, మొదటిసారి వచ్చినప్పుడు.

జీవితమంతా పత్తి, మిరప, మల్లె చూసిన గోరు అది. మొదటి గీతకే తెలిసిపోయి ఉంటుంది, తన చేత్తో నా చెట్టును చంపాడని. తెలిసి కూడా లేచి వచ్చి, ఇంక వస్తాదిలే అన్నాడు. తెలిసి కూడా మళ్ళీ వచ్చాడు, మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ఎద్దు కాలు విరిగిందని పిన్ని శవం చూడటానికి కూడా ఆ ఇంటికి పోని మనిషి. రసం గిన్నె నేను ఎందుకు వదిలేశానో కూడా ఆయనకు తెలుసు. నేను తుంగ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను, వాన తుంపర మొదలైనా లేవలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. గొడుగు అరుగు మీద ఆరబెట్టి, తువ్వాలుతో తల తుడుచుకుని, ఎప్పటిలాగే తిన్నగా పెరట్లోకి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఈసారి కిటికీ దగ్గర నిలబడలేదు, ఆయన పక్కనే నిలబడ్డాను.

"చిగురేసిందా, కమలం?" అన్నాడు. మోడు వైపే చూస్తున్నాడు, నా వైపు కాదు.

"లేదన్నా," అన్నాను. "వచ్చే నెల వచ్చి చూడు."

"వస్తాను," అన్నాడు. వానలో తడిసి ముద్దగా ఉన్న ఆ దిబ్బ ముందు కూర్చుని, నీళ్ళు పోయాలి చెంబు ఇవ్వమని చెయ్యి చాపాడు. నేను వెళ్ళి చెంబు నింపి తెచ్చి ఆయన చేతికి ఇచ్చాను.